ప్రహ్లాదుడి వేషం ఎవరికీ వద్దు

ప్రియమైన తల్లిదండ్రులకు,

నమస్కారం. దసరా సెలవుల తర్వాత బడి తెరిచినప్పటి నుంచి మధ్యాహ్న విరామంలో మైదానంలో ఒకటే ఆట. ఒకరు నరసింహస్వామి, ఒకరు హిరణ్యకశిపుడు, మిగిలినవారంతా కేకలు వేసే జనం. ప్రహ్లాదుడి వేషానికి మాత్రం ఎవరూ ముందుకు రావడం లేదు. 2025 జులైలో విడుదలైన బొమ్మల సినిమా ‘మహావతార్ నరసింహ’ను చాలామంది పిల్లలు థియేటర్లోనో ఇంట్లోనో చూశారు, కొందరైతే నాలుగైదుసార్లు చూశారట. దెబ్బలు తగలనంత వరకు ఆ ఆటను ఆపే ఉద్దేశం నాకు లేదు. ప్రహ్లాదుడే లేని ప్రహ్లాద కథ గురించి మాత్రం మీతో మాట్లాడాలనిపించింది.

ఈ కథ మనకు కొత్త కాదు. తెలుగు తొలి టాకీ 1932 నాటి ‘భక్త ప్రహ్లాద’. 1967లో అదే పేరుతో వచ్చిన సినిమాలో ఎస్వీ రంగారావు గర్జననూ, రోజారమణి పసి ముఖాన్నీ ఇంట్లో పెద్దలు ఇప్పటికీ తలుచుకుంటారు. వీటన్నిటికంటే ముందు పోతన ఉన్నాడు. ఆయన భాగవతంలో స్తంభం చీలడానికి ముందు జరిగేదే ఎక్కువ. ఏనుగులతో తొక్కించినా, పాములతో కరిపించినా, సముద్రంలో పడేయించినా ఆ పిల్లవాడు తిరిగి చెయ్యెత్తడు, తన మాటా మార్చుకోడు. అంతా అయిపోయాక స్వామి వరం కోరుకోమంటే, తనను అంతగా హింసించిన తండ్రి పాపం తొలగిపోవాలని కోరుకుంటాడు. తెర మీది యుద్ధాన్ని పిల్లలకు మనం చెప్పనక్కర్లేదు, వాళ్లే మనకు చెబుతారు. ఈ వరం సంగతి మాత్రం ఇంట్లో ఎవరో ఒకరు చెప్పాలి.

నాలుగో తరగతిలో ఒక పాప అడిగింది: “నాన్న చెప్పింది తప్పయితే వినకూడదా టీచర్?” రోజూ పెద్దల మాట వినమని చెప్పే మనమే, తండ్రి మాట వినని పిల్లవాడి సినిమాకు టికెట్ కొని తీసుకెళ్తున్నాం. ఇలాంటి ప్రశ్న ఇంట్లోనూ వస్తే దయచేసి విసుక్కోకండి. ప్రహ్లాదుడు తండ్రిని కాదన్నాడే కానీ తూలనాడలేదు. అక్కడి నుంచి మాట మొదలుపెట్టవచ్చు. ఇక ఆ కథలోని గురువులు చండామార్కులను చూస్తే మా ఉపాధ్యాయులకు కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది. శిష్యుడు ఏమంటున్నాడో వినకుండా, రాజుకు భయపడి పాఠం వల్లె వేయించినవారు వాళ్లు!

గెలిచినవాడి మనసులో ఏముందో చూపే బొమ్మల సినిమాలు తక్కువ. బైబిల్లోని మోషే ప్రవక్త కథతో 1998లో వచ్చిన ‘ది ప్రిన్స్ ఆఫ్ ఈజిప్ట్’ వాటిలో ఒకటి. పిల్లలకు గుర్తుండేది సముద్రం రెండుగా చీలడం. నాకు గుర్తున్నది అంతకు ముందు దృశ్యం. ఈజిప్టు ఇళ్లలో తొలిచూలు బిడ్డలు చనిపోయారు, ఈజిప్టు రాజు ఫరో లొంగిపోయాడు, మోషే కోరింది దక్కింది. బయటికి వచ్చిన మోషే కూలబడి ఏడుస్తాడు. ఆ ఫరో తనతో అన్నదమ్ముడిలా పెరిగినవాడు మరి. అయినా ఈ సినిమాను బడిలో వేయడం లేదు. తీసినవారు యూదు, క్రైస్తవ, ముస్లిం పండితులను సంప్రదించారు. అయినప్పటికీ ప్రవక్తను బొమ్మగా చూపడం తగదని మలేషియా వంటి దేశాలు దాన్ని అనుమతించలేదు. మన ముస్లిం కుటుంబాల్లోనూ మోషేను మూసా అంటూ ఆయన కథ చెబుతారు, బొమ్మ గీయడం దగ్గరే అభ్యంతరం. దాన్ని గౌరవించడం బడి బాధ్యత.

బాలల దినోత్సవం వారంలో నాలుగు నుంచి ఏడు తరగతులకు ‘కోకో’ (2017) చూపిస్తాం. మెక్సికోలో నవంబరు మొదటి రెండు రోజుల్లో, పోయిన పెద్దల ఫొటోలు పెట్టి, బంతిపూలు పరిచి, వాళ్లకు ఇష్టమైనవి వండిపెట్టే పండుగ ఇందులోని కథకు ఆధారం. మన పిల్లల్లో కొందరి ఇళ్లలో పెత్రమాస, కొందరికి నవంబరు రెండున సమాధుల పండుగ, కొందరికి షబ్-ఎ-బరాత్ రాత్రి సమాధుల దగ్గర ప్రార్థన. ఏ ఇంటి పద్ధతిని ఆ ఇంటి పిల్లలే తరగతికి చెప్పాలని మా ఆలోచన.

ఒక జాగ్రత్త. ఇందులో అస్థిపంజరాలు నవ్విస్తాయి కానీ, స్నేహితుడే విషం పెట్టి చంపిన సంగతి కూడా ఉంది. ఈ మధ్య ఇంట్లో ఎవరినైనా పోగొట్టుకున్న పిల్లలుంటే తరగతి ఉపాధ్యాయురాలికి ముందే చెప్పండి. చూపించడం ఇష్టం లేనివారు డైరీలో ఒక్క మాట రాస్తే చాలు, కారణం అడగం. ఆ గంటా నలభై ఐదు నిమిషాలు వాళ్లు గ్రంథాలయంలో ఉంటారు.

థియేటరుకు వెళ్లేవారికి మరో మాట. బొమ్మల సినిమా అయినంత మాత్రాన అన్ని వయసులకూ సరిపోదు. పిల్లలు పెద్దల సలహాతో చూడాల్సిన సినిమాలకు ఇచ్చే యూఏ సర్టిఫికెట్‌లో 7+, 13+, 16+ అని ఇప్పుడు వయసును బట్టి వేరువేరుగా ఇస్తున్నారు. ఒకటో తరగతి బిడ్డను తీసుకెళ్లే ముందు ఆ అంకె చూడండి.

సినిమా రోజున ప్రతి విద్యార్థీ తాతయ్య, నానమ్మ, అమ్మమ్మ లేదా ఇంటి పెద్దల్లో ఒకరి ఫొటో తేవాలి. వాళ్లు జీవించి ఉన్నా సరే, లేకపోయినా సరే. అసలు ఫొటో పంపకండి, జిరాక్స్ చాలు. వెనకాల వాళ్లకు ఇష్టమైన వంటకం పేరు రాయించండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు