భీమిలి - కళింగపట్నం ట్రిప్ ఎందుకు ఆగింది, ఇకమీదట ఏం మారుతోంది

పోయిన శనివారం తెల్లవారుజామున విశాఖ నుంచి బయలుదేరాల్సిన, నేను నడిపే రెండు రోజుల ట్రిప్‌ను శుక్రవారం సాయంత్రం రద్దు చేశాను. డబ్బులు అందరికీ వెనక్కి వేసేశాను. ఇంకా ఎవరికైనా పడకపోతే ఒక్క మెసేజ్ పెట్టండి. ఆ రోజు గ్రూపులో ‘బండి సమస్య వల్ల’ అని రెండు ముక్కలు రాసి ఊరుకున్నాను, అంతకు మించి రాసే ఓపిక లేదు. కానీ ఏటా వేసవి రాగానే ‘ఎప్పుడు బయలుదేరుతున్నాం’ అని అడిగేవాళ్లు మీరు. అసలేం జరిగిందో మీకు చెప్పాలి.

మనం తిరిగే 17 సీట్ల టెంపో ట్రావెలర్ నా సొంతం కాదని మీలో చాలామందికి తెలుసు. ఊళ్లోనే ఉన్న ఒకాయనది. ఉగాదికి ముందే మే నెలలోని శని, ఆదివారాలన్నిటికీ ఆయన చేతిలో అడ్వాన్స్ పెట్టాను. గురువారం రాత్రి పదింటికి ఫోన్. “అన్నా, పెళ్లివాళ్లు మూడు రోజులకి మాట్లాడుకున్నారు. మా బామ్మర్ది తరఫు చుట్టాలు, కాదనలేకపోయాను. ఏమీ అనుకోకు.” ఏమీ అనుకోకుండా ఎలా ఉంటాను? ముహూర్తాలు మొదలయ్యాక ఈ ఊళ్లో టెంపోలకి ఎంత గిరాకీ ఉంటుందో నాకూ తెలుసు. పెళ్లివాళ్లు ఇచ్చేది నేనిచ్చేదానికంటే ఎక్కువే. ఆ మాటే వారం ముందు చెప్పి ఉంటే రేటు పెంచేవాణ్ణి, లేదా ఇంకో బండి వెతుక్కునేవాణ్ణి. సీజన్ కాని రోజుల్లో, ఆగస్టు వానల్లో, ఆయన బండి షెడ్డులో పడి ఉంటే పిలిచి పని ఇచ్చింది ఎవరు? సరే, అది మా ఇద్దరి మధ్య సంగతి. అడ్వాన్స్ మాత్రం ఇప్పటికీ తిరిగి రాలేదు.

ఇక్కడితో అయిపోతే ఇంత రాయాల్సిన పని లేదు. శుక్రవారం పొద్దున్నే ఆయనే ఇంకో బండి పంపించాడు. కొత్త బండి. వెనక్కి వాలే సీట్లు, కిటికీలకి ఉతికిన కర్టెన్లు. ఏసీ మన టెంపోలో కంటే బాగుంది, నేనే ఎక్కి కూర్చుని చూశాను. కాస్త సర్దుకుంటే అందరూ పట్టేవాళ్లు. అద్దె కూడా తక్కువే చెప్పాడు. కిందికి దిగి చుట్టూ తిరిగి చూస్తే నంబరు ప్లేటు తెల్లగా ఉంది.

తెల్ల ప్లేటంటే ఇంటివాళ్లు సొంతానికి వాడుకునే బండి. దాన్ని కిరాయికి తిప్పకూడదు. అడిగితే డ్రైవరు నవ్వి, “ఎవరైనా ఆపితే అందరూ చుట్టాలమని చెప్పండి సార్, శ్రీకూర్మం మొక్కుకి వెళ్తున్నామని చెప్పండి” అన్నాడు. ఇన్సూరెన్స్ కాగితం చూపించమన్నాను. జిరాక్స్ కాపీ, అక్షరాలు సగం చెరిగిపోయి ఉన్నాయి. ఫోన్ టార్చి వేసుకుని చదివాను. కిరాయికి గానీ, డబ్బు తీసుకుని మనుషుల్ని చేరవేయడానికి గానీ వాడితే పాలసీ వర్తించదని స్పష్టంగా ఉంది. ఫైన్ వేసినా, బండి సీజ్ చేసినా అది బండి ఓనర్ తలనొప్పి. కానీ హైవే మీద ఏదైనా జరిగితే లోపల ఉన్నవాళ్లకి నష్టపరిహారం ఎవరిస్తారు? శ్రీకాకుళం వైపు వెళ్లే జాతీయ రహదారి 16 మీద పగలూ రాత్రీ లారీలు ఎలా పోతాయో మీరు చూసినవాళ్లే.

మధ్యాహ్నం దాకా అటూ ఇటూ తేల్చుకోలేకపోయాను. నిజం చెప్పాలంటే బండి ఎక్కించేద్దామనే అనిపించింది. హైదరాబాద్ నుంచి ఒక కుటుంబం అప్పటికే రైలెక్కడానికి సిద్ధంగా ఉంది. శ్రీకాకుళంలో గదుల డబ్బు కట్టేశాను, అది తిరిగి రాదు. మా ఆవిడ అయితే, “ఊళ్లో సగం మంది తెల్ల ప్లేట్లే తిప్పుతున్నారు, నీకొక్కడికే పట్టిందా?” అంది. ఆ మాటలోనూ అబద్ధం లేదు. నా గొంతులో అడ్డుపడింది ఒకటే. మీ పిల్లల్ని కూర్చోబెట్టుకుని, పోలీసు ఆపితే మేమంతా చుట్టాలమని చెప్పండర్రా అని నేను నేర్పాలి. అది నావల్ల కాలేదు. సాయంత్రం ఐదింటికి రద్దు అని పెట్టేశాను.

తర్వాత గ్రూపులో వచ్చిన మాటలు అన్నీ చదివాను. ‘పెద్ద కంపెనీ అయితే ఇలా జరిగేదా’ అని ఒకరు. ‘దీనికంటే సిటీ బస్సు నయం’ అని ఇంకొకరు రాసి గ్రూపులోంచి వెళ్లిపోయారు. రెండో మాటకి నాకు కోపం రాలేదు, ఎందుకంటే కొంతవరకు నిజమే. భీమిలి దాకానే చూడాలంటే మీకు నా అవసరం లేదు. 900కె బస్సు ఎక్కి కుడివైపు కిటికీ దగ్గర కూర్చుంటే తెన్నేటి పార్కు, రుషికొండ, మంగమారిపేట అన్నీ కనిపిస్తాయి. ఈ మాట నేను కొత్తవాళ్లకి ముందే చెబుతాను, మీకు తెలుసు. మొదటి మాట మాత్రం గుచ్చుకుంది. పెద్ద కంపెనీ అయితే ఆ తెల్ల ప్లేటు బండే పంపేదేమో, మీకు ఎప్పటికీ తెలిసేది కాదు.

ఇక మారేవి. ఈ సీజన్‌కి టెంపో లేదు. పసుపు ప్లేటు, అంటే కిరాయికి తిప్పే అనుమతి ఉన్న ఏడు సీట్ల కార్లు రెండు మాట్లాడాను. రెండిటికీ ఓనర్లే డ్రైవర్లు. ఈసారి నోటిమాట కాదు, స్టాంపు పేపరు మీద రాయించుకున్నాను. డ్రైవర్లు పోను మొత్తం 12 సీట్లే. మనిషికి 3,200 ఉండేది 3,900 అవుతుంది. బేరం అడగకండి, మిగిలేది టీ ఖర్చే. రెండు బండ్ల నంబర్లూ శుక్రవారం పొద్దున్నే మీకు పంపుతాను. బండి వివరాలు చూపించే ప్రభుత్వ యాప్ ఎంపరివాహన్‌లో కొట్టి చూసుకోండి, నన్ను నమ్మాల్సిన పనే ఉండదు.

దారి పాతదే, టైమింగ్ కొంచెం మారింది. ఆర్కే బీచ్ దగ్గర నాలుగున్నరకే ఎక్కాలి. మే నెలలో ఐదున్నర లోపే సూర్యుడు వచ్చేస్తాడు, అప్పటికి మనం తెన్నేటి పార్కు దాటి ఉండాలి. తర్వాత నేరుగా ఎర్రమట్టి దిబ్బలకే. 2014లో జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తింపు వచ్చిన చోటు అది. పదైందంటే అక్కడ ఇసుక మీద కాలు పెట్టలేం, నీడ కూడా ఉండదు. గట్ల అంచులెక్కి ఫొటోలు వద్దు, వాన నీటికి కింద తొలిచేసి ఉంటాయి. తొట్లకొండ ఈసారి తీసేశాను. రెండు వేల ఏళ్ల నాటి బౌద్ధ విహారం, చూడదగ్గదే, కానీ ఈ ఎండలో పెద్దవాళ్లు అలిసిపోతున్నారు. డిసెంబరులో వేరే ట్రిప్ పెట్టి గంటసేపు కూర్చుందాం. భీమిలిలో డచ్చివాళ్ల సమాధులు, లైట్‌హౌస్, టిఫిన్. గోస్తని సముద్రంలో కలిసేచోట మాత్రం నీళ్లలోకి దిగనివ్వను, ఎంత ఈత వచ్చినవాళ్లయినా సరే. మామిడి తాండ్ర గురించి ప్రతిసారీ అడుగుతారు. తాండ్రకి పేరున్న భీమాళి వేరే ఊరు, విజయనగరం జిల్లాలో ఉంది, మన దారిలో రాదు.

భీమిలి దాటాక సముద్రం వెంటే రోడ్డు ఉంటుందని ఎవరైనా చెబితే నమ్మకండి. అక్కణ్ణుంచి హైవే ఎక్కి, మళ్లీ ఊరూరా సముద్రం వైపు దిగాల్సిందే. ఆ మధ్యలో రెండు గంటలు నిద్రపోండి. రాత్రి బస శ్రీకాకుళంలో. ఆదివారం చీకటితోనే కళింగపట్నం వెళ్తే, వంశధార సముద్రంలో కలిసేచోటు, 1876 నాటి లైట్‌హౌస్ ఎండ ముదరకముందే చూసేయొచ్చు. తిరుగు దారిలో శాలిహుండం బౌద్ధ స్తూపాలు, శ్రీకూర్మం గుడి. పొద్దుగూకే లోపు విశాఖలో దింపేస్తాను.

భోజనం గురించి ఒక్క మాట. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తీరంలో మోటారు బోట్లకి వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం, ఆపడమే న్యాయం. తెప్పల మీద వెళ్లేవాళ్లకి దొరికినంతే తాజా చేప. కాబట్టి ‘ఇప్పుడే పట్టిన వంజరం’ అని ఏ హోటల్లో బోర్డు చూసినా ఒకసారి ఆలోచించుకోండి. మనకి వండిపెట్టే అమ్మ ఆ పొద్దున తెప్ప మీద వచ్చింది ఏదైతే అదే పులుసు పెడుతుంది, ఏమీ రాకపోతే చెరువు రొయ్యలు, కోడిగుడ్లు. ముంజెలు మాత్రం పుష్కలంగా ఉన్నాయి.

వచ్చే శనివారానికి బుధవారం లోపు పేర్లు ఇవ్వండి. రద్దయిన ట్రిప్పులో ఉన్నవాళ్లకి ముందు సీటు, పాత రేటు 3,200. గ్రూపులోంచి వెళ్లిపోయినవాళ్లకి కూడా అదే రేటు. ఫోన్ మాత్రం వాళ్లే చేయాలి, నేను చేయను.