చెరువు అంచును పిట్టలకు వదలండి

సంపాదకుల వారికి,

నమస్కారం. ముందుగా నా తప్పు ఒప్పుకుంటాను. మా పేట చెరువు చుట్టూ వాకింగ్ ట్రాక్ వేయమని నాలుగేళ్ల కిందట ఇచ్చిన అర్జీలో నా సంతకం కూడా ఉంది. మోకాళ్ల నొప్పులవాణ్ణి, రోడ్డు మీద ఆటోల మధ్య నడవలేక పెట్టాను. ట్రాక్ వచ్చింది. దానితోపాటు గట్టుకు రాతి పేర్పు, స్టీలు రెయిలింగు, రంగు దీపాలు వచ్చాయి. ఒడ్డున ఉన్న తుంగ, తుమ్మ చెట్లు పోయాయి. అంతకుముందు ఏటా కార్తీకం దాటేసరికి బురదలో ముక్కులు గుచ్చుతూ తిరిగే ఉల్లంకులు, నీళ్లలో తల ముంచి తోక పైకెత్తే బాతులు మరుసటి ఏడు దిగలేదు. చూస్తే నీళ్లకు కొదవ లేదు, మునుపటి కంటే ఎక్కువే ఉన్నాయి. మరి ఎందుకు రాలేదో నాకు చాలాకాలం అంతుపట్టలేదు.

జవాబు కొండకర్ల ఆవ అనే సరస్సులో దొరికింది. మనవణ్ణి తీసుకుని వెళ్లినప్పుడు, జత కట్టిన తాటి దోనెలను గెడకర్రతో తోస్తున్న పెద్దాయనను అడిగాను. "మోకాల్లోతు నీరున్న కాడే పిట్ట దిగుతాది బాబూ. లోతులో దానికి తిండేటుంటాది?" అన్నాడు.

అంతే సంగతి. సైబీరియా దాకా ఉత్తరాన గూళ్లు కట్టి, చలికి మన వైపు వచ్చే సూదితోక బాతు లోతుకు మునిగి మేసే రకం కాదు. నీటి మీద తేలుతూనే, మెడ చాచితే అందినంత వరకు అడుగున ఉన్న గింజలు, పురుగులు ఏరుకుంటుంది. ఉల్లంకులకైతే కాళ్లు తడిసే నీరు, మెత్తటి బురద చాలు. ఏటవాలుగా దిగే మట్టి ఒడ్డే వీటికి అన్నపు కంచం. దాన్ని జేసీబీతో చెక్కి, నిటారుగా రాయి పేర్చి, గట్టు మొదట్లోనే నిలువు లోతు నీళ్లు నిలబెడితే కంచం తీసేసినట్టే. కాల్పులు లేవు, వల లేదు, విషం లేదు. పిట్ట దిగి చూసి వెళ్లిపోతుంది. ఎవరి మీదా కేసు ఉండదు.

కేసు గురించి ఎందుకంటున్నానంటే, చట్టం ఏమంటుందో చదివాను. పిట్టను వేటాడితే 1972 నాటి వన్యప్రాణి చట్టం ఉంది. అది దిగే నీటి కోసం 2017 చిత్తడి నేలల నిబంధనలు ఉన్నాయి. ఆక్రమణలు, చెత్త పారబోయడం, శుద్ధి చేయని మురుగు వదలడం, గత పదేళ్ల సగటు గరిష్ఠ వరద మట్టానికి 50 మీటర్ల లోపు శాశ్వత కట్టడాలు కూడదని వాటిలో రాసి ఉంది. బాగానే ఉంది అనుకునేలోపే, ఏది చిత్తడి నేల అని చెప్పే వాక్యం చివర మినహాయింపులు మొదలవుతాయి. తాగునీటి కోసం ప్రత్యేకంగా కట్టినవి, సాగునీటికి కట్టినవి, ఉప్పు మడులు, చేపల చెరువులు, వినోదానికి కట్టినవి, నదీ గర్భాలు, వరి పొలాలు ఇందులోకి రావట.

ఇక విశాఖకు ఏం మిగిలింది? ముడసర్లోవ తాగునీటి జలాశయం. మేఘాద్రి గెడ్డ కూడా తాగునీటి జలాశయమే. సహజంగా ఏర్పడిన కొండకర్ల ఆవ 2022లో జిల్లాలు విడిపోయినప్పుడు అనకాపల్లి వైపు వెళ్లింది. ఊరి మధ్య ఉప్పుటేరు పర్ర ఒకప్పుడు ఎంతుండేదో ఇప్పుడు ఊహించుకోవలసిందే. 1933లో తెరిచిన ఓడరేవును ఆ బురద నేలలోనే తవ్వి కట్టారు. రేవు వద్దని నేననను, ఈ ఊరు అన్నం తింటున్నదే దాని మీద. కానీ పైన చిలికా, కింద కొల్లేరు, నడుమ వచ్చే పిట్టకు మనం మిగిల్చినవి మనిషి కట్టిన నీళ్లే. వాటినే నిబంధన పక్కన పెట్టింది. నీరు, భూమి, చెట్ల రక్షణకు రాష్ట్రం తెచ్చిన వాల్టా చట్టం ఉందిగా అంటారు. ఉంది. కానీ చెరువును కలుపుకుంటే అది ఆక్రమణ, చెరువుకు రాళ్లు పేరిస్తే అభివృద్ధి.

అందుకే ఢిల్లీ వైపు చూడకుండా మహా విశాఖ నగరపాలక సంస్థనే అడుగుతున్నాను. చట్టం మినహాయించిందంటే కాపాడకూడదని అర్థం కాదు. జలాశయం, చెరువు పనుల టెండరులో నాలుగు మాటలు చేర్చడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. వాగు వచ్చి కలిసే వైపు ఒడ్డును మట్టి ఒడ్డుగానే ఉంచాలి. ట్రాకు ఆ వైపు నీటికి దూరంగా జరగాలి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పూడికతీత, మట్టి పనులు ఆపాలి. దీపాలు నడిచేవాళ్ల కాళ్ల మీద పడితే చాలు, నీళ్ల మీద అక్కర్లేదు. ముడసర్లోవలో 2018లో నీటి మీద రెండు మెగావాట్ల సౌర పలకలు పరిచారు. మంచిదే. ఇక ముందు ఎక్కడ పరిచినా తేటగా, లోతుగా ఉన్న నడిమి నీళ్లలో పరచండి, అంచుల జోలికి రావద్దు. ఏటా జనవరిలో ఆసియా అంతటా నీటి పక్షుల లెక్క తీస్తారు, 1987 నుంచి జరుగుతోంది. మన జలాశయాల లెక్కను కూడా వార్డు సచివాలయం గోడ మీద అంటిస్తే, ఏ పని తర్వాత ఎన్ని తగ్గాయో మాలాంటివాళ్లకు తెలుస్తుంది.

ఖర్చు సంగతి అంటారా, పై వాటిలో చాలావరకు చేయకుండా ఉండవలసిన పనులే. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఇళ్ల మధ్య చింతచెట్ల మీదే గూళ్లు పెడతాయి. రెట్టల వాసన, పిల్లల అరుపులు అన్నీ భరిస్తూ ఊరివాళ్లు వాటిని చూసుకుంటున్నారు. మనల్ని అంత ఓర్పు ఎవరూ అడగడం లేదు.

మా చెరువు కబురు చెప్పి ముగిస్తాను. పడమటి మూల ఓ యాభై అడుగుల మేర రాళ్లు పేర్చలేదు. బిల్లు రాక పని ఆగిందని చెప్పుకుంటున్నారు. మొన్న పొద్దున అక్కడ, ఆ మూలలోనే, నాలుగు ఉల్లంకులు దిగి కనిపించాయి. ఆ ముక్కను అలాగే వదిలేయమని అర్జీ రాసి పట్టుకెళ్లాను. తీసుకున్న అమ్మాయి పాత ఫైలు తిరగేసి, "ట్రాక్ కావాలని సంతకం పెట్టింది కూడా మీరేగా మాస్టారూ" అంది.

అవునన్నాను. రసీదు ఇచ్చింది.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
విశాఖపట్నం.