బాపుకు, పిర్మాసెన్స్ నుంచి

పిర్మాసెన్స్, జర్మనీ
నవంబరు, ఆదివారం

బాపూ,

నేను బాగున్నాను. దగ్గు తగ్గింది, గదిలో హీటరు పనిచేస్తోంది, బియ్యం దొరుకుతున్నాయి. అమ్మ అడిగే ప్రశ్నలకు జవాబులు అయిపోయాయి కాబట్టి ఇక మిగతాది నీకు. ఫోనులో నా పని మాట ఎత్తగానే "ఇదిగో, అమ్మతో మాట్లాడు" అని ఇచ్చేస్తావు. కాగితాన్ని అలా మధ్యలో అందించలేవు కదా, అందుకే రాస్తున్నాను. ఇందులో పెట్టిన నమూనా కాగితాలు కూడా ఫోనులో పంపేవి కావు.

"చెప్పులు కుట్టే ఆరె, రంపె పట్టకూడదనే కదా చదివించాను, అంత దూరం వెళ్లి మళ్లీ చెప్పులేనా" అన్నావట. తమ్ముడు దాచలేకపోయాడు, వాణ్ని ఏమీ అనకు. నాకు కోపం రాలేదు. వచ్చింది గాని తగ్గింది. బడిలో చేర్చేటప్పుడు తండ్రి వృత్తి అన్నచోట "చిరు వ్యాపారం" అని రాయించావు. ఎందుకు రాయించావో పదో తరగతికి వచ్చేసరికి నాకే తెలిసొచ్చింది. ఇప్పుడు సంబంధాల వాళ్లు అడిగితే ఇంజినీరు అని చెబుతున్నారట. వద్దు బాపూ. చెప్పులు డిజైన్ చేస్తుంది అనే చెప్పండి. ఆ మాటకే లేచి వెళ్లిపోయే వాళ్లు టీ తాగకముందే వెళ్తే పాలు మిగులుతాయి.

ఈ ఊరి సంగతి ఒకటి విను. 1790లో ఇక్కడి దొర తొమ్మిదో లూడ్విగ్ చనిపోగానే ఆయన సైన్యాన్ని రద్దు చేశారు. సిపాయిల ఇళ్లలో తిండికి లేదు. మిగిలిపోయిన యూనిఫాం గుడ్డతో మెత్తటి చెప్పులు కుట్టడం మొదలుపెట్టారు. ఆడవాళ్లు వాటిని మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మారు. తర్వాత జర్మనీలో చెప్పులంటే ఈ ఊరి పేరే చెప్పేవాళ్లు. బయటి దేశాల చౌక సరుకు వచ్చాక ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే మూతపడ్డాయి, మన వరంగల్ ఆజంజాహి మిల్లు సంగతి నీకు నేను చెప్పాలా. అయినా చెప్పులు కుట్టేవాడి విగ్రహం ఊళ్లో ఇప్పటికీ ఉంది. చేతిలో పని, ఒంటి మీద ముందుగుడ్డ, అంతే. ఇక్కడి మనుషుల్లో ఎక్కువ తక్కువలు లేవని కాదు, వీళ్లవి వీళ్లకున్నాయి. కానీ ఆ విగ్రహం ముందు నుంచి వెళ్లిన ప్రతిసారీ ఆ ముందుగుడ్డ వైపు చూస్తాను.

ఆఫీసు బాగానే ఉంది. జీతం సమయానికి వస్తుంది. పెద్దాయన మంచివాడు.

ఇప్పుడు నా చేతిలో ఉన్న పని చెబుతాను, ఇక్కడ మాత్రం పేజీ తిప్పేయకు. ఒకే చెప్పును మూడు రకాలుగా వేసుకునేలా చేయాలి. పట్టీ మొత్తం ఒకటే నవారు. అడుగు పొరకూ పై పొరకూ మధ్య ఉన్న చీలికల్లోంచి దూరి, వేళ్ల మీద ఒకసారి, మీగాలి మీద ఒకసారి పైకి వచ్చి, మడమ వెనక్కి తిరుగుతుంది. ఒకచోట లాగితే అంతటా సర్దుకుంటుంది. ఇది నా తెలివి కాదు. అమెరికాలో 1984లో, గ్రాండ్ కాన్యన్‌లో పడవలు నడిపే ఒకాయన రబ్బరు చెప్పుకు చీలమండ పట్టీ తగిలించాడు, టేవా చెప్పులు అలా పుట్టాయి. తర్వాత చాకో అనే వాళ్లు పట్టీని అడుగు లోపలినుంచే దూర్చారు. అవన్నీ నదిలో దిగేవాళ్ల కోసం, చెప్పు నీళ్లలో కొట్టుకుపోకూడదని.

మన బాధ వేరు కదా. మనం గడప గడపకూ విప్పుతాం. ఇక్కడివాళ్లు పొద్దున కట్టుకున్న బూటు సాయంత్రం దాకా విప్పరు. అమ్మ రోజంతా ఎక్కడెక్కడ చెప్పు విప్పుతుందో చెప్పబోతే, ఇంటి ముందు నల్లా, కిరాణా కొట్టు, పక్కింటి అత్త, గుడి అని నేను ఏకరువు పెడుతుంటే, నా పక్కన కూర్చునే అమ్మాయి రాసుకోవడం మానేసి నన్నే చూసింది. ప్రతిసారీ వంగి బకిల్ పెట్టుకోమంటే మనవాళ్లలో ఎవరు పెట్టుకుంటారు? వెనక పట్టీని మడమ కింద తొక్కేస్తారు. నీ డబ్బాకు వచ్చే సాండల్స్‌లో సగానికి అదే జబ్బు అని నువ్వే తిట్టుకునేవాడివి. అందుకని వెనక పట్టీ ముందుకు మడిచేలా పెట్టాను. నడకకు మడమ వెనక, ఇంటి చుట్టుపక్కల తిరగడానికి మీగాలి మీద. మూడోది, బొటనవేలు దూర్చే ఉంగుటం ఊడదీసి వేసుకోవడం, వేళ్ల మధ్య పుండు ఉన్నవాళ్లకు. పట్టీ తిరిగే చోట రివెట్టు పెడితే సులువే, కానీ అది చీలమండ ఎముకకు ఒరుస్తుంది, తుప్పు పడితే గుచ్చుకుంటుంది. దాని బదులు నవారునే ఉచ్చులా తిప్పి కుట్టాను, ఎముకకు కొంచెం కిందుగా, కొంచెం ముందుకు. ఆ "కొంచెం" ఎంతో నాకు ఇంకా నచ్చలేదు. నువ్వయితే కాలు చూసి బొటనవేలితో గుర్తు పెట్టేవాడివి.

బిగించే దగ్గర ఇక్కడ అందరూ వెల్క్రో అంటారు. 1955లో స్విట్జర్లాండు ఇంజినీరు ఒకాయన పేటెంటు తీసుకున్నది, కొక్కేలు ఒకవైపు, ఉచ్చులు ఒకవైపు. మంచిదే. కానీ మామ ఎనుమాముల మార్కెట్‌లో పత్తి బస్తాలు మోస్తాడు. ఆ కొక్కేల్లో దూది పోగులు నిండాయంటే ఇక దేనికీ పట్టుకోదు. ఈ మాట మీటింగులో నేను చెప్పేదాకా ఎవరికీ తట్టలేదు, ఎందుకంటే వీళ్లలో పత్తి మార్కెట్ చూసినవాళ్లు లేరు. అందుకే మామకు బకిల్, అమ్మకు వెల్క్రో. అమ్మకు వేళ్లు వంగడం లేదు కదా, ఒక చేత్తో లాగితే ఊడాలి.

నవారు నూలుది పెడదామని ఆశపడ్డాను. కొత్తవాడలో జంపఖానాలు నేసేవాళ్ల చేత నేయించాలని. 2018లో వాటికి జీఐ గుర్తింపు వచ్చింది గాని మగ్గం మీద కూర్చునేవాళ్లు ఎంతమంది మిగిలారో నీకే తెలుసు. నూలు కాలికి హాయి, కానీ తడిస్తే ఓ పట్టాన ఆరదు, తడిగా ఉన్న పట్టీ చర్మాన్ని కొరుకుతుంది. నైలాన్ తడిస్తే సాగుతుంది. చివరికి పాలిస్టర్ దగ్గర ఆగాను. మనసుకు నచ్చి కాదు.

తోలు సంగతి చెబితే నవ్వుతావు. మొక్కల చెక్కతో పదును చేసిన తోలంటే ఇక్కడ ధర ఎక్కువ, గౌరవం ఎక్కువ. తాత తోళ్లు నానబెట్టే లందలో తంగేడు చెక్క, కరక్కాయ వేసి చేసింది మరేమిటి? బతుకమ్మకు తంగేడు పూలు కోసుకెళ్లిన వాళ్లెవరూ ఆ లంద పక్కనుంచి ముక్కు మూసుకోకుండా నడవలేదు.

మొన్న మావాళ్లకు రామప్ప మదనిక ఫొటో చూపించాను, ఎత్తు మడమల చెప్పులు వేసుకున్న ఆమెది. 1213 నాటి గుడి అంటే నమ్మలేకపోయారు. శిల్పి ఎవరి కాళ్లకో చూసే చెక్కి ఉంటాడు. వాటిని కుట్టినవాడు ఎవరై ఉంటాడో అని నాకు ఒకటే ఆలోచన.

సర్దుకునే పట్టీ అంటూ ఇక్కడ నాకు నేర్పింది నీ దగ్గర చూసిందే. నెలలు నిండినవాళ్లు కాళ్లు పొంగి వస్తే పట్టీకి ఇంకో రెండు బెజ్జాలు పొడిచి, "కాన్పయ్యాక మళ్లీ లోపలి బెజ్జానికి పెట్టుకో బిడ్డా" అనేవాడివి, డబ్బులు తీసుకునేవాడివి కాదు. అమ్మ దాని మీద గొడవ పడేది. బోదకాలు ఉన్న పెద్దమ్మకు టైరు ముక్క కోసి, ఆ ఒక్క కాలికే వేరుగా చేసిచ్చావు, గుర్తుందా? మీగాలి మీద పట్టీ ఎంత పొడవు వదిలావంటే, ఆమె కాలు వాచిన రోజున చివరిదాకా, తగ్గిన రోజున రెండు చుట్లు. ఆ మడత నేను పక్కన కూర్చుని చూశాను. ఇప్పుడు నా నమూనాలో మీగాలి పట్టీ పూర్తిగా విచ్చుకుంటుంది చూడు, అది ఆ చెప్పు నుంచి తీసుకున్నదే. ఆమెకు పింఛను వస్తోంది గాని ఏ దుకాణానికి వెళ్లినా ఆ కాలికి చెప్పు దొరకదు. కాబట్టి మళ్లీ చెప్పులేనా అని అడిగితే, అవును బాపూ, మళ్లీ చెప్పులే.

అమ్మ సంగతి. స్పర్శ ఉందో లేదో అని డాక్టరు సన్నటి నైలాన్ పోగుతో అరికాలు ముట్టి చూస్తుంటే, తెలియకపోయినా తెలుస్తోందని తల ఊపిందట. ఎవరిని మోసం చేస్తున్నట్టు? ఆ పోగు పది గ్రాముల ఒత్తిడికి వంగుతుంది, అది కూడా తెలియని కాలికి మేకు గుచ్చుకున్నా తెలియదు. మెత్తటి రబ్బరు అడుగు ఉన్న ఎంసీఆర్ చెప్పులు రాసిస్తే "అవి కుష్ఠు రోగుల చెప్పులు, నలుగురిలో వేసుకోను" అని మూలన పడేసింది. ఆమెను తప్పుపట్టలేను. ఆ నల్లటి అడుగు చూడగానే మనిషికి ఏదో రోగమని లోకం చెప్పేస్తుంది. నేను చేస్తున్న దానిలో అదే మెత్తటి రబ్బరు లోపలి పొరగా ఉంటుంది, పైకి కనిపించదు. మెరూన్ రంగు పెడతాను, బంగారు అంచు కావాలంటే అదీ పెడతాను. కానీ వెనక పట్టీ ఉండాల్సిందే. స్పర్శ తగ్గిన కాలి నుంచి చెప్పు జారిపోయినా తెలియదు, జారకుండా వేళ్లు బిగించి నడిస్తే వేళ్ల కొనలు పుండ్లు పడతాయి. ఇంకొకటి, అమ్మ ఎప్పుడూ ఒక సైజు తక్కువ కొంటుంది చూడు. పిసినారితనం అనుకున్నాం. కాదు, బిగుతుగా ఉంటేనే ఆమెకు కాలికి చెప్పు ఉన్నట్టు తెలుస్తుంది.

ఎండాకాలం భద్రకాళి గుడి బండల మీద ఒట్టి కాళ్లతో ప్రదక్షిణలు చేసి బొబ్బ తెచ్చుకుంది. దుప్పటికి తడి అంటితే గాని చూసుకోలేదు. అమ్మవారికి మొక్కు ఉంటే తెల్లవారకముందే వెళ్లమను, నూలు మేజోళ్లు వేసుకోమను. వచ్చే జాతరకు మేడారం వెళ్తారు, ఆపినా ఆగదని తెలుసు. వాగులో నుంచి బయటికి రాగానే వేళ్ల సందులు తుడవండి. రోజూ రాత్రి నువ్వు ఆమె అరికాళ్లు చూడు. సిగ్గుపడుతుంది, పడనీ. ఊరందరి కాళ్లూ పట్టుకుని చూసిన చేతులే కదా.

తమ్ముడి ఫీజు వేశాను. పైకప్పు రేకు మార్చడానికి వేరే వేస్తాను, దాన్ని దీనికీ దీన్ని దానికీ కలపకండి. సకినాలు పిండి పిండిగా వచ్చాయి, చెంచాతో తిన్నాను. ఇక్కడ నాలుగున్నర దాటితే చీకటి. ఈ చీకట్లో ఏం తోచదని అమ్మతో చెప్పకు.

ఇక నీకు పని. ఈ కవరులోని తెల్ల కాగితాల మీద అమ్మ రెండు పాదాలూ గీసి పంపు. సాయంత్రం గీయాలి, పొద్దటికన్నా అప్పుడు పాదం పొంగుతుంది. నిలబెట్టి గీయి, బరువు పడితే పాదం సాగుతుంది. పెన్సిల్ నిటారుగా పట్టాలి... నీకు చెబుతున్నాను చూడు. సైజు ఆరు, ఏడు అని రాయకు. మనది అంగుళంలో మూడో వంతు లెక్క, ఇక్కడిది సెంటీమీటరులో మూడింట రెండు వంతుల లెక్క, రెండూ పొడవే చెబుతాయి. చిన్నప్పుడు చెప్పుల్లేకుండా తిరిగిన కాళ్లకు ముందుభాగం వెడల్పు. అది ఏ అంకెలోనూ రాదు. వేళ్ల కీళ్ల దగ్గర, మీగాలి దగ్గర టేపు చుట్టి కొలతలు రాయి.

మామవి వేరే పార్సిలులో వస్తున్నాయి. పత్తి సీజను అయ్యేదాకా రోజూ మార్కెట్‌కు అవే వేసుకెళ్లమను, దాచుకుని పండగకు వేసుకోవద్దను. ఎక్కడో ఒకచోట తెగుతాయి, తెగాలనే పంపుతున్నాను. తెగిన చోటు తమ్ముడి చేత ఫొటో తీయించు. నువ్వు ఊరుకోలేక ఆరె తీసి కుట్టేస్తావు, తెగిన ఆనవాలు కూడా ఉండదు. కుట్టకు బాపూ, తెగినది తెగినట్టే నాకు కావాలి. పంపిన తర్వాత అక్కడ ఏం చేయాలో నీకు తోచింది రాయి.

మీ పెద్దబిడ్డ