తీరంలో గాలపు వేట: గాలం ఎంపిక గురించి కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

తమ పత్రిక ఆదివారం అనుబంధంలో సముద్రపు ఒడ్డున నిలబడి గాలంతో చేపలు పట్టడం గురించి వెలువడిన వ్యాసాన్ని ఆసక్తితో చదివాను. రాడ్ల పొడవు, రీళ్ల రకాలు, దూరంగా విసిరే పద్ధతి గురించి వివరంగా రాసిన ఆ వ్యాసంలో గాలం విషయం మాత్రం ‘తగిన గాలం వాడాలి’ అన్న ఒక్క వాక్యంతో ముగిసిపోయింది. నెల్లూరు జిల్లా నుంచి వచ్చి చెన్నైలోని తిరువాన్మియూరులో స్థిరపడి, పద్నాలుగేళ్లుగా బెసెంట్ నగర్, నీలాంకరై, కోవళం తీరాలలో సెలవు రోజుల్లో గాలం వేస్తున్నవాణ్ణిగా, ‘తగిన’ అన్న ఆ మాటను విప్పి చెప్పవలసిన అవసరం ఉందని భావించి ఈ లేఖ రాస్తున్నాను.

కొత్తవారిని మొదట తికమకపెట్టేవి అంకెలు. 10, 8, 6, 4, 2 అని అంకె తగ్గుతున్నకొద్దీ గాలం పెద్దదవుతుంది. 1 దాటిన తరువాత 1/0, 2/0, 3/0 అని రాసే వరుసలో మాత్రం అంకె పెరిగినకొద్దీ గాలమూ పెరుగుతుంది. పైగా తయారీదారులందరూ పాటించే కొలత ఒకటంటూ లేదు కనుక, ఒక కంపెనీ 2/0 మరొక కంపెనీ 1/0 అంతే ఉండవచ్చు. నేను మొదట వెళ్లిన దుకాణంలో సముద్రానికి ఇదే సరిపోతుందని చెప్పి 4/0 ప్యాకెట్టు చేతిలో పెట్టారు. మూడు నెలల పాటు ఎర పోగొట్టుకున్నానే తప్ప ఒక్క చేపనూ పట్టలేదు. ఒకనాడు తెల్లవారుజామున నా పక్కనే గాలం వేస్తున్న పెద్దాయన ఒకరు, తాము పట్టిన కిళంగాన్ చేపను తెచ్చి, దాని నోటి పక్కన నా గాలాన్ని ఆనించి చూపించారు. గాలపు వంపు ఆ నోటికన్నా వెడల్పుగా ఉంది.

ఇక్కడ తమిళులు కిళంగాన్ అని పిలిచే ఈ సన్నని చేప, అలలు విరిగే చోట ఇసుకను ఆనుకుని తిరుగుతూ పురుగులను, చిన్న రొయ్యలను ఏరుకుని తింటుంది. దీనికి 6 లేదా 8 నంబరు, పొడవాటి కాడ (దారం కట్టే వైపు ఉండే నిటారు భాగం), సన్నని తీగ ఉన్న గాలం కావాలి. కాడ పొడవుగా ఉంటే పురుగును నిలువునా ఎక్కించవచ్చు, పట్టిన తరువాత గాలాన్ని తీయడమూ సులభం. వీపు మీద, మొప్పల పక్కన విషపు ముళ్లుండే జెల్ల పడినప్పుడు ఆ పొడవాటి కాడ మరింత ఉపయోగపడుతుంది, ఎందుకంటే చేప దగ్గరికి వేళ్లు పోనివ్వకుండా పట్టకారుతోనే పని ముగించవచ్చు. అడయారు నది కడలిలో కలిసే మొగ దగ్గర పండుగప్ప కోసం బతికున్న చిన్న చేపను ఎరగా వేసేవారికి మాత్రం 4/0, 5/0 గాలాలు సరైనవే, ఎందుకంటే దాని నోరు పెద్దది, ఎరను ఒక్కసారిగా లోపలికి పీల్చుకుంటుంది.

ఎర విషయంలోనూ తరచుగా ఒక పొరపాటు జరుగుతూ ఉంటుంది. రొయ్య ముక్కను పెద్దదిగా కోసి గాలపు వంపునంతా నింపేస్తే, కొనకూ కాడకూ మధ్య ఖాళీ మిగలక, చేప కొరికినా గాలం గుచ్చుకోదు. గాలాన్ని చేసిన తీగ మందం కూడా చూసుకోవాలి. నైలాన్ దారం సాగుతుంది కాబట్టి అరవై, డెబ్బై మీటర్ల దూరంలో ఉన్న గాలం దగ్గరకు మన లాగుడు బలం సగమైనా చేరదని నా అనుభవం. అటువంటప్పుడు మందపాటి, మొద్దుబారిన గాలం ఎంత ఖరీదైనదైనా వ్యర్థమే. కొనను బొటనవేలి గోరు మీద మెల్లగా జరిపినప్పుడు పట్టి ఆగితే పదును ఉన్నట్టు, జారిపోతే లేనట్టు.

పెద్ద చేపల కోసం వచ్చేవారు సర్కిల్ హుక్ వాడాలని నా గట్టి అభిప్రాయం. దాని కొన లోపలికి తిరిగి కాడ వైపు చూస్తూ ఉంటుంది. చేప ఎరను మింగి పక్కకు కదిలిపోయేటప్పుడు, ఆ గాలం చాలా సందర్భాలలో గొంతులో గుచ్చుకోకుండా జారుకుంటూ వచ్చి నోటి మూలను పట్టుకుంటుంది. ఇసుకలో గొట్టం పాతి రాడ్డును నిలబెట్టే మన పద్ధతికి ఇది ఎంతో అనువైనది. అయితే చేప తగలగానే రాడ్డును గట్టిగా కుదిపే అలవాటు మానుకోవాలి. కుదిపితే గాలం నోట్లోంచి బయటకు వచ్చేస్తుంది. దారం బిగిసే వరకు ఆగి, నిదానంగా రీలు తిప్పడమే సరైన పద్ధతి. కొనను పక్కకు వంచి చేసే సర్కిల్ హుక్ కూడా దొరుకుతుంది గాని, దానితో లోతుగా గుచ్చుకునే ప్రమాదం పెరుగుతుంది కనుక సమతలంగా ఉన్నదే అడిగి తీసుకోవాలి. పిల్ల చేపలను తిరిగి నీళ్లలోకి వదిలేయదలచినవారికి ఈ తేడా చిన్నది కాదు, ఎందుకంటే గొంతులో గాలం దిగిన చేపను వదిలినా అది బతికే అవకాశం తక్కువ.

ఇక లోహం సంగతి. తుప్పు పట్టదని చాలామంది స్టెయిన్‌లెస్ స్టీలు గాలాలను ఎంచుకుంటారు. దారం తెగి చేప నోటిలోనో, ఇసుకలోనో మిగిలిపోయిన గాలం తుప్పుపట్టి శిథిలం కావడమే మంచిదని నేనంటాను. పూత పూసిన కార్బన్ స్టీలు గాలాలను వాడి, ఇంటికి రాగానే మంచినీటితో కడిగి ఆరబెట్టుకుంటే అవీ కొన్నాళ్లు మన్నుతాయి. రెండేళ్ల క్రితం మా తమ్ముడి మనవడు బెసెంట్ నగర్ ఇసుకలో ఆడుకుంటూ, ఎవరో పారవేసిన స్టెయిన్‌లెస్ గాలాన్ని తొక్కాడు. కొన వెనుక ఉండే ఎదురుముల్లు మాంసంలో చిక్కుకున్నందువల్ల వెనక్కి లాగడం కుదరక, డాక్టరుగారు కొనను చర్మం గుండా ముందుకు తోసి, ఆ ముల్లును కత్తిరించి తీయవలసి వచ్చింది. ఆ రోజు నుంచి నా గాలాలన్నింటికీ ఎదురుముల్లును పట్టకారుతో నొక్కేస్తున్నాను. దారం వదులు కాకుండా చూసుకుంటే చేపలు తప్పించుకుపోవడం లేదు. పాత గాలాలను, తెగిన దారాన్ని మూత బిగించే సీసాలో వేసి ఇంటికి తెచ్చుకుంటున్నాను. జనవరి నుంచి మార్చి వరకు ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వచ్చేది కూడా ఆ ఇసుకకే.

అంకెలను నమ్మడానికి లేదని పైన చెప్పాను కనుక నాదొక విన్నపం. ఈ విషయం మీద తమరు మళ్లీ వ్యాసం ప్రచురిస్తే, 8, 2, 2/0, 5/0 గాలాల బొమ్మలను అసలు పరిమాణంలో, పక్కన ఒక రూపాయి నాణెంతో సహా అచ్చువేయించండి. ఆ ముక్కను కత్తిరించి దుకాణానికి తీసుకువెళ్లేవారు చెన్నైలో చాలామంది ఉన్నారు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
తిరువాన్మియూరు, చెన్నై