బ్యాంకాక్ ట్రిప్పు: పైసల సంగతి

అందరికీ నమస్తే. పాస్‌పోర్టులు, టికెట్లు అయిపోయాయి. ఇక పైసల సంగతి.

ఈ ఆదివారం ఉదయం 10 గంటలకు క్లాక్ టవర్ దగ్గర కలుద్దాం. బాత్ (థాయ్‌లాండ్ కరెన్సీ) కొనేందుకు పాస్‌పోర్టు, పాన్ కార్డు తెచ్చుకోండి. 50 వేల రూపాయలు దాటితే అక్కడ నగదు తీసుకోరు, అకౌంట్ నుంచే కట్టాలి. ఎయిర్‌పోర్టులో మార్చుకుందాంలే అనుకోవద్దు. పోయినసారి నేను అట్లనే అనుకుని, రేటు చూసి లబోదిబోమన్నాను.

కార్డు తెచ్చేవాళ్లు బ్యాంకు యాప్‌లో ఇంటర్నేషనల్ వాడకం ఆన్ చేసుకోండి. ఇంతవరకు ఆన్ చేయకపోతే అది ఆఫ్‌లోనే ఉంటుంది, షాపులో నిలబడ్డాక టెన్షన్. ఓటీపీ కోసం మన సిమ్‌కు రోమింగ్ కూడా ఉండాలి.

ముఖ్యమైన మాట: కార్డు గీకినప్పుడు మెషిన్ ‘రూపాయల్లోనా, బాత్‌లోనా?’ అని అడుగుతుంది. రూపాయలు చూసి సంబరపడకండి, బాత్ నొక్కండి. రూపాయలంటే వాళ్ల రేటు పడుతుంది, అది మనకు నష్టమే.

అక్కడి ఏటీఎంలో మాటిమాటికి తీయకండి. ఎంత తీసినా ఒక్కోసారికి 200 బాత్‌లకు పైనే చార్జీ, మన బ్యాంకుది వేరే. తీస్తే ఒకేసారి తీయండి.

డాలర్లున్నవాళ్లు చినిగిన, పెన్నుతో రాసిన నోట్లు పక్కన పెట్టండి, అక్కడ తీసుకోరు. మన రూపాయలైతే ఒక్కొక్కరు 25 వేలకు మించి దేశం దాటించొద్దు.

పైసలన్నీ ఒకే పర్సులో పెట్టేవాళ్లు ఎవరో మనందరికీ తెలుసు 😄 వాళ్లు ఇంకో కార్డు బ్యాగులో వేసుకోండి.

ఆదివారం వచ్చేవాళ్లు శుక్రవారంలోపు ఇక్కడే పేరు పెట్టండి.