మచ్చా, ముందు బరువు చూడు, హార్స్‌పవర్ తర్వాత

తిరుపతి,
ఆదివారం సాయంత్రం

ఒరే మచ్చా,

బాగుండావా? చెల్లెమ్మ, పాప బాగుండారా? నువ్వు అడిగినదానికి ఫోన్లో రెండు ముక్కలు చెప్పి ఊరుకుంటే నాకు తృప్తి ఉండదు, అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

స్పోర్ట్స్ కారు కొనాల, ఫోర్డ్ మస్టాంగా, టయోటా జీఆర్86నా, టాప్ (పైకప్పు) తెరుచుకునే మాజ్డా మియాటానా అన్నావు. నేను అమెరికాలో షార్లట్ వచ్చినప్పుడు మూడూ అద్దెకు తీసుకోని తిప్పినాం గదా. మియాటా తీసుకో. అదీ మాన్యువల్ గేర్లదే.

మస్టాంగ్ మీద నీకుండే మోజు నాకు తెలుసు. ఆ శబ్దం అట్లాంటిది. 5.0 లీటర్ల వీ8, అంటే రెండు వైపులా నాలుగేసి సిలిండర్లు. పిస్టన్లు తిప్పే ఇరుసు ఉంటుంది గదా, క్రాంక్ షాఫ్ట్, దాని పిన్నులు 90 డిగ్రీల ఎడంగా ఉంటాయి. దానివల్ల ఒక్కో వైపు నాలుగు సిలిండర్లు సమానమైన ఎడంతో పేలవు, రెండు దగ్గర దగ్గరగా, ఇంకోటి ఆగి వస్తాయి. ఆ ఎగుడుదిగుడు తాళమే సైలెన్సర్‌లో గుడగుడమని వినిపించేది. ఫెరారీ వీ8లలో పిన్నులు 180 డిగ్రీల్లో ఉంటాయి కాబట్టి అవి కీచుమని అరుస్తాయి. నాకు మస్టాంగ్ గొంతే ఇష్టం. స్టార్ట్ చేస్తే ఛాతీలో తెలుస్తుంది. శబ్దానికి మాత్రమే మార్కులు వేస్తే మిగతా రెండూ దాని దరిదాపుల్లోకి రావు.

అయితే టెయిల్ ఆఫ్ ది డ్రాగన్ అనే ఆ కొండ రోడ్డు మీద ఏమైందో గుర్తు తెచ్చుకో. 11 మైళ్లు, 318 మలుపులు, స్పీడు పరిమితి గంటకు 30 మైళ్లు. అక్కడ 480 హార్స్‌పవర్‌ను ఏం చేసుకుంటాం? మలుపు మలుపుకూ ఆ 1,700 కిలోల పైబడిన బరువును ఆపడం, తిప్పడం, మళ్లీ ఆపడం. యాక్సిలరేటర్ సగం తొక్కేలోపే ఇంకో మలుపు. దిగేసరికి నా భుజాలు పట్టేసినాయి.

మియాటా 1,060 కిలోల చుట్టుపక్కల. సస్పెన్షన్ మెత్తగా ఉండాది, మలుపులో కొంచెం వాలుతుంది. కొందరికి అది లోపం. నాకు అదే దాని గొప్పతనం. బ్రేకు తొక్కితే బరువు ముందు టైర్ల మీదికి రావడం, స్టీరింగ్ తిప్పితే బయటివైపు టైరు రోడ్డును పట్టుకోవడం, మెల్లగా యాక్సిలరేటర్ ఇస్తే వెనక చక్రాలు నెట్టడం, అంతా సీటులో కూర్చోనే తెలుస్తుంది. 30 మైళ్లలో కూడా తెలుస్తుంది, అదీ విషయం. 181 హార్స్‌పవర్‌ను మొత్తం వాడుకోవచ్చు, భయపడాల్సిన పని లేదు. గేరు రాడ్ పట్టుకోని మణికట్టు కదిలిస్తే చాలు, గేరు పడిపోతుంది.

మన తిరుమల ఘాట్ అనుకో. 1944లో తెరిచిన పాత రోడ్డులోనే ఇప్పటికీ దిగుతాం, 36 హెయిర్‌పిన్ మలుపులు, 40 నిమిషాల కంటే ముందు కిందికొస్తే జరిమానా. నా హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్ కారులో దిగేటప్పుడు రెండో గేరులో పెట్టి, బ్రేకు బదులు ఇంజనే వేగాన్ని ఆపేటట్లు చూసుకోని, ఒక్కో మలుపును ఒకే స్టీరింగ్ తిప్పుడుతో, మధ్యలో సరిదిద్దుకోకుండా దాటాలని చూస్తా. స్పీడు అవసరం లేని ఆనందం అది. భాకరాపేట ఘాట్‌లో అయినా అంతే, ఎదురుగా బస్సు వస్తా ఉంటుంది, వేగం చూపించే చోటు కాదు. అట్లాంటి రోడ్లకు పుట్టిన బండి మియాటా. ఇక్కడ అమ్మరు, అదే బాధ.

జీఆర్86 గురించి కూడా న్యాయంగా చెప్పాల. 2.4 లీటర్ల బాక్సర్ ఇంజన్, పిస్టన్లు అడ్డంగా పడుకోని ఉంటాయి కాబట్టి బరువు కిందికి ఉంటుంది. మలుపులో మియాటా కంటే గట్టిగా, నిటారుగా నిలబడుతుంది. 228 హార్స్‌పవర్, రేస్ ట్రాక్ మీదికి పోయేటట్లుంటే దాన్నే ఎంచుకుంటా. వెనక సీట్లు పేరుకే అయినా పాపకు సరిపోతాయి. నాకు నచ్చనిది శబ్దం. ఇంజన్ గరగరమంటుంది, దాని మీద స్పీకర్లోంచి కల్పించిన శబ్దం కలుపుతారు. ఆ కనెక్షన్ పీకేసేవాళ్లు కూడా ఉండారు.

మియాటా గొంతు కూడా మామూలుదే, నాలుగు సిలిండర్లదే కదా. కానీ టాప్ తెరిచి ఇంజన్‌ను నిమిషానికి 5,000 చుట్లు దాటించి, 7,500 దాకా తీసుకుపోతే గాలితో కలిసి ఒక ఉత్సాహం వస్తుంది. అది నిజమైన శబ్దం.

కొన్నాళ్లు ఆగి పాత పోర్షే 718 కేమన్ కొందామా అన్నావు. ఆగేటట్లుంటే నాలుగు సిలిండర్ల టర్బోది వద్దు. 2016లో అది వచ్చినప్పుడే పాత ఆరు సిలిండర్ల పాట పోయిందని శానామంది బాధపడినారు. 2020లో వచ్చిన జీటీఎస్ 4.0 అయితే టర్బో లేని ఆరు సిలిండర్లు, ఇంజన్ నడిమధ్యలో. హ్యాండ్లింగ్, గొంతు రెండూ ఒకే బండిలో దొరికేది అదే. డబ్బు మాత్రం మియాటా ధరకు చాలా దూరం.

ఇంట్లో పెద్ద బండి ఎట్లాగూ ఉండాది, పాపను స్కూలుకు అందులో తీసుకుపోవచ్చు. షోరూముకు పోయినప్పుడు హైవే ఎక్కొద్దు, మలుపులుండే చిన్న రోడ్డు అడుగు. ఇంకోటి, మనం టాప్ తెరిచే తిప్పినాం, నువ్వేమో ఆరడుగుల మనిషివి. టాప్ మూసి కూర్చోని చూడు. తల తగిల్తే ఇంక ఆలోచించకుండా జీఆర్86కు సంతకం పెట్టు. ఏదైనా సరే, మాన్యువల్ మాత్రం మర్చిపోవద్దు.

నీ మచ్చా