బహిరంగ లేఖ: రీసర్వే స్టేషన్ల డేటా మా కాలేజీలకు ఇప్పించండి

గౌరవనీయులైన రాష్ట్ర రెవెన్యూ శాఖ మంత్రి గారికి,

నేను కోనసీమలో డిగ్రీ, పీజీ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. నాది ఒక్కటే విన్నపం. భూముల రీసర్వేకు వాడుతున్న కోర్స్ (CORS) బేస్ స్టేషన్లు, అంటే ఒకేచోట నిలిచి జీపీఎస్ సిగ్నళ్లు ఆగకుండా అందుకునే కేంద్రాలు, రాత్రింబవళ్లు నమోదు చేసే శాటిలైట్ డేటాను మా కాలేజీలకు, ఆంధ్రా యూనివర్సిటీకి ఉచితంగా ఇప్పించండి.

సర్వేయర్ గట్టు మీద రోవర్ (చేలోకి మోసుకెళ్లే జీపీఎస్ పరికరం) నిలబెట్టాక తెర మీద ‘ఫిక్స్’ అని వస్తే కొలత సెంటీమీటర్లలో తేలుతుంది. లెక్క ఇంకా కచ్చితంగా తేలక ‘ఫ్లోట్’ దగ్గరే ఆగిందంటే ఇరుగుపొరుగు రైతులిద్దరూ ఎండలో పడిగాపులే. కొబ్బరాకులు అడ్డొచ్చాయంటారు, చాలాసార్లు నిజమే. మరి చెట్టన్నదే లేని వరిచేలో, మిట్టమధ్యాహ్నం దాటాక అలా జరిగితే? అప్పుడు అయనోస్ఫియర్‌నీ అనుమానించాలి.

పైన ఆకాశంలో ఎండకు గాలి అణువుల నుంచి ఊడిన ఎలక్ట్రాన్ల పొర అది. శాటిలైట్ సిగ్నల్ దాన్ని దాటేటప్పుడు ఆలస్యమవుతుంది. చదరపు మీటరు వైశాల్యమున్న నిలువు స్తంభంలో 10,000 లక్షల కోట్ల ఎలక్ట్రాన్లుంటే జీపీఎస్ కొలిచే దూరం 16 సెంటీమీటర్లు తప్పుతుంది. సూర్యుడు ఉధృతంగా ఉన్న ఏళ్లలో మన ప్రాంతం మీద మధ్యాహ్నాలు దానికి వంద రెట్ల దాకా పోగుపడతాయి. బేస్ స్టేషన్ ఈ తప్పును చాలావరకు సరిదిద్దుతుంది, కానీ స్టేషనుకూ చేనుకూ మధ్య దూరం పెరిగేకొద్దీ కొంత మిగిలిపోతుంది. ఒక్కో జీపీఎస్ శాటిలైట్ పంపే 1575.42, 1227.60 మెగాహెర్ట్జ్ సిగ్నళ్ల ఆలస్యాలను పోల్చితే ఆ ఎలక్ట్రాన్ల లెక్క వచ్చేస్తుంది. అంటే కొలిచే పరికరాలు మీ దగ్గర ఇప్పటికే ఉన్నాయి, కొత్తగా కొనేదేమీ లేదు.

రాత్రి సంగతి వేరు. పొద్దుగూకాక, ముఖ్యంగా మార్చి, ఏప్రిల్, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో, ఆ పొరలో ప్లాస్మా బుడగలు (ఎలక్ట్రాన్లు బాగా పలచబడిన చోట్లు) లేచి సిగ్నల్ మిణుకుమిణుకుమంటుంది. అంతర్వేది నుంచి వేటకెళ్లిన బోటుకు ఆ వేళ దారి చూపాల్సింది ఆ సిగ్నలే. తిరుపతి దగ్గర గాదంకిలోని 53 మెగాహెర్ట్జ్ రాడార్ ఈ బుడగల్లో మూడు మీటర్లంత చిన్న అలజడులను పట్టేస్తుంది. బుడగలు సాధారణంగా సెకనుకు వంద మీటర్ల అటూ ఇటూ వేగంతో తూర్పుకు సాగుతాయి. గాదంకి నుంచి మేము తూర్పుగా దాదాపు 300 కిలోమీటర్లు. రాడార్ అక్కడ చూసింది గంట తిరక్కుండా మా మీదికి రావచ్చు. నిజంగా వస్తోందా, దారిలోనే కరిగిపోతోందా, ఇక్కడే కొత్తవి పుడుతున్నాయా? డెల్టాలో నమోదైన డేటా చేతికొస్తేనే తేలుతుంది. నన్ను బాగా పట్టుకున్న ప్రశ్న ఇదే.

సెప్టెంబరులోపు ఉత్తర్వులిస్తే మా ఎమ్మెస్సీ పిల్లలు ఈ ఏడాది ప్రాజెక్టులకే వాడుకుంటారు. సెకనుకోసారి నమోదైన ఫైళ్లు ఇప్పించండి. 30 సెకన్లకోసారి తీసిన వాటిలో చిన్న అలజడులు జారిపోతాయి.

ఇట్లు,
అమలాపురం నుంచి ఒక ఫిజిక్స్ లెక్చరర్